ప్రయాణం లెక్కల్లో భిన్నాలు



స్కాలర్‌షిప్ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు నేను లెక్కలు చెబుతుంటాను. భిన్నాల కూడిక, గుణకారం బాగా వచ్చిన పిల్లలు కూడా దూరాల లెక్క రాగానే ఆగిపోతారు. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష ఉన్న మన పిల్లలకు ప్రశ్నలోని ఒక్క మాట అర్థం కాక మార్కులు పోతుంటాయి. ఆ మాట ‘మిగిలిన’. కన్నడంలో ‘ఉళిద’, తమిళంలో ‘మీతి’, మరాఠీలో ‘ఉరలేల్యా’, ఒడియాలో ‘అవశిష్ట’ అని కనిపిస్తుంది.

ఉదాహరణ: చెన్నై నుంచి బెంగళూరుకు రైలు మార్గం దాదాపు 360 కి.మీ. అంత దూరం వెళ్లాల్సిన ఒక కుటుంబం 1/3 వంతు రైలులో, మిగిలిన దానిలో 3/4 వంతు బస్సులో, తక్కినది కారులో వెళ్లింది. కారులో ఎంత దూరం?

చాలామంది 1/3, 3/4 కలిపేస్తారు. 13/12 వస్తుంది. అంటే మొత్తం దారి కంటే ఎక్కువ! అలా రావడం కుదరదు. ప్రతి భిన్నం దగ్గరా “దేనిలో వంతు?” అని అడగండి.

1. రైలు: 360లో 1/3 = 120 కి.మీ. మిగిలింది 240.
2. బస్సు: 240లో 3/4 = 180 కి.మీ.
3. కారు: 240 – 180 = 60 కి.మీ.

సరిచూడండి: 120 + 180 + 60 = 360.

ఇదే ప్రశ్నను తిప్పి, “కారులో 60 కి.మీ. వెళ్లారు, మొత్తం ఎంత?” అని కూడా అడుగుతారు. అప్పుడు చివరి నుంచి వెనక్కి రావాలి. 60 అనేది మిగిలిన దానిలో 1/4, కాబట్టి మిగిలింది 240. అది మొత్తంలో 2/3. అందులో సగం, అంటే 120, ఒక వంతు. మూడు వంతులు 360.

కాలం దగ్గర మరో జాగ్రత్త. కారుకు 1 గంట 15 నిమిషాలు పడితే దాన్ని 1.15 గంటలని రాయకూడదు. 15 నిమిషాలు పావుగంట. కాలం 5/4 గంటలు. వేగం 60 ÷ 5/4 = 60 × 4/5 = గంటకు 48 కి.మీ.

తల్లిదండ్రులకు ఒక మనవి. పావు, అర, ముప్పావు అనే మాటలు ఇంట్లో వాడుతూ ఉండండి. బస్సులో వెళ్లేటప్పుడు “ఎన్నో వంతు దారి వచ్చాం? ఇంకా ఎంత ఉంది?” అని అడగండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. గీత గీసి భాగాలు చేసి చూపమంటే పిల్లలే మీకు చెబుతారు.

అభ్యాసం: ఒకరు దారిలో 1/5 వంతు నడిచి, మిగిలిన దానిలో 3/4 వంతు సైకిలు మీద వెళ్లారు. ఇంకా 4 కి.మీ. ఉంది. మొత్తం దూరం ఎంత? (జవాబు: 20 కి.మీ.)