ఖరీదైన జపాను మాంసం - తినేముందు ఒక మాట

ఈమధ్య మనవారు జపాను వెళ్ళడం ఎక్కువైంది. కొడుకో కూతురో టోక్యోలోనో ఒసాకాలోనో ఉద్యోగం చేస్తుంటారు. తల్లిదండ్రులు వెళ్ళి రెండు మూడు నెలలు ఉండి వస్తారు. కంపెనీ పని మీద వెళ్ళేవారు, విహారయాత్రకు వెళ్ళేవారు సరేసరి. వీరిలో కొందరు ప్రయాణానికి ముందు వైద్యుణ్ణి అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, అక్కడ వాగ్యూ అనే మాంసం చాలా ప్రసిద్ధమట. ఎంత ఖర్చయినా ఒక్కసారి తినిపిస్తానని మావాడు పట్టుబడుతున్నాడు. నాకు రక్తపుపోటు ఉంది. తినవచ్చునా?"

వాగ్యూ అంటే గొడ్డుమాంసం. తినడమా, మానడమా అనేది ఎవరి ఇంటి ఆచారాన్ని బట్టి వారిష్టం. అందులో వైద్యుడు కలగజేసుకోనక్కరలేదు. తినే అలవాటున్నవారికి తెలియవలసిన ఆరోగ్య విషయాలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏమిటీ మాంసం?

'వా' అంటే జపాను, 'గ్యూ' అంటే పశువు. ఆ దేశంలో నాలుగు జాతుల పశువులకు ఈ పేరు వర్తిస్తుంది. వాటిలో నల్లజాతి ముఖ్యమైనది. ఆ నల్లజాతిలో తజిమా అనే వంశానికి చెంది, హ్యోగో రాష్ట్రంలోనే పుట్టి, పెరిగి, అక్కడే కోసిన పశువు మాంసం నిర్ణీత ప్రమాణాలకు అందితేనే దానికి 'కోబే' అనే పేరు పెడతారు. కోబే ఆ రాష్ట్రంలోని రేవు పట్టణం. 1983లో ఏర్పడిన ఒక సంఘం ఈ పేరును కాపాడుతూ వస్తున్నది. 2012లోగాని కోబే మాంసం విదేశాలకు ఎగుమతి కాలేదు. ఇతర దేశాల హోటళ్ళలో వాగ్యూ పేరుతో వడ్డించేది చాలాసార్లు సంకరజాతి పశువుల మాంసమే.

దీని ప్రత్యేకత అంతా కొవ్వులో ఉంది. మామూలు మాంసంలో కొవ్వు కండకు పక్కన పొరగా ఉంటుంది. దీనిలో కండ లోపలే సన్నని తెల్లని గీతలుగా, పాలరాతి మీది చారల్లా అల్లుకుని ఉంటుంది. ఈ గీతల ఒత్తును బట్టి 1 నుంచి 12 వరకు అంకెలు వేస్తారు. కోబే అనిపించుకోవాలంటే కనీసం 6 రావాలి. హోటళ్ళు గొప్పగా చెప్పుకునే 'ఎ5' అనే గుర్తులో 'ఎ' పశువు నుంచి దక్కే మాంసం రాబడికి, '5' నాణ్యతకు సంబంధించినవి. ఆ 5 రావాలంటే కొవ్వు గీతల అంకె 8 గాని, అంతకు పైన గాని ఉండాలి. అంటే ఇవి రుచికీ, రూపానికీ వేసిన మార్కులు. ఆరోగ్యానికి వేసినవి కావు. ఈ సంగతి పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి.

ఈ పశువులకు బీరు తాగిస్తారని, ఒళ్ళు మర్దనా చేస్తారని కథలు వినిపిస్తాయి. కొవ్వు గీతలకు అసలు కారణాలు జాతి, ధాన్యపు మేత, రెండున్నర ఏళ్ళ దాకా సాగే పెంపకం. మేతలో 'ఎ' విటమిన్ తగ్గిస్తే గీతలు బాగా పడతాయని రైతులు అది కూడా అదుపులో ఉంచుతారు. మరీ తగ్గిస్తే పశువుకు రేచీకటి వస్తుంది. మన పిల్లలకు ఏ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుందో అదే విటమిన్!

లెక్క చూద్దాం

జపాను ప్రభుత్వపు ఆహార విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల వాగ్యూ నడుము భాగంలో, కొవ్వుతో సహా చూస్తే, సుమారు 47 గ్రాముల కొవ్వు ఉంటుంది. మాంసకృత్తులు 12 గ్రాములకు మించవు. కొవ్వు తక్కువగల మామూలు మాంసంలో మాంసకృత్తులు 20 గ్రాములకు పైగా ఉంటాయి. కనుక "బలానికి మంచిది" అని దీనిని తినడంలో అర్థం లేదు. కండ పెంచే పదార్థం ఇందులోనే తక్కువ.

47 గ్రాముల కొవ్వు అంటే సుమారు పది చిన్న చెంచాల నేతితో సమానం. హోటలులో ఒక మనిషికి 150 గ్రాముల ముక్క తెచ్చిపెడితే పదిహేను చెంచాల నెయ్యి ఒక్క పూటలో కడుపులోకి పోయినట్లు లెక్క. ఇంట్లో అన్నంలో రెండో చెంచా నెయ్యి వేయబోతే "వద్దమ్మా, డాక్టరుగారు తినవద్దన్నారు" అనే పెద్దమనిషే అక్కడ దీనిని నిశ్చింతగా తింటాడు. కారణం, నెయ్యి కంటికి కనిపిస్తుంది. ఈ కొవ్వు నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. నమలవలసిన పని లేదు గనుక ఎంత తిన్నామో తెలియదు.

"ఈ కొవ్వు మంచిదట, ఆలివ్ నూనెలో ఉండేదే ఇందులోనూ ఉందట" అని కొందరు వాదిస్తారు. అందులో సగమే నిజం. దీనిలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు సగం ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లమే. అయితే 100 గ్రాముల మాంసంలో సంతృప్త కొవ్వు కూడా 16 గ్రాముల దాకా ఉన్నది. రోజుకు 2000 కేలరీలు తినేవారు 22 గ్రాముల సంతృప్త కొవ్వు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాన్ని బట్టి లెక్క తేలుతుంది. 150 గ్రాముల ముక్కతోనే ఆ హద్దు దాటుతుంది. పొద్దుట తిన్న దోసె, సాయంత్రం తాగిన పాలు ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఖర్చు చేశాం గనుక తినాలా?

ఆరోగ్యవంతుడు జీవితంలో ఒక్కసారి ఇది తిన్నంత మాత్రాన గుండె రక్తనాళాలు మూసుకుపోవు. రక్తనాళాల జబ్బు ఏళ్ళ తరబడి తినే తిండి వల్ల వస్తుంది. కాని ఒక్క పూటలోనే ప్రమాదం తెచ్చుకునేవారు కొందరున్నారు. వారిని ప్రమాదంలోకి నెట్టేది మాంసం ఒక్కటే కాదు, దాని ధర కూడా. కోబేలో మంచి హోటలులో రాత్రి భోజనం మనిషికి 10 వేల యెన్లు దాటడం మామూలు. అంత డబ్బు పోసిన తరువాత పళ్ళెంలో వదలడానికి మనసొప్పదు. పెద్దాయన వదిలితే కొడుకు నొచ్చుకుంటాడేమో అని భయం. కడుపు చాలన్నా చెయ్యి ఆగదు.

అరవై ఏళ్ళు దాటిన ఒక విశ్రాంత ఉద్యోగికి పిత్తాశయంలో రాళ్ళున్నట్లు స్కానింగులో తెలిసి రెండేళ్ళయింది. నొప్పి లేదు గనుక ఆయన సంగతి మరచిపోయారు. జపానులో కొడుకు ఇచ్చిన విందులో తన ముక్కతో పాటు భార్య వదిలినది కూడా తిన్నారు. అర్ధరాత్రి కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపు దాకా పాకింది, వాంతులు పట్టుకున్నాయి. భాష తెలియని ఊళ్ళో ఆసుపత్రిలో చేరి అయిదు రోజులున్నారు. పాత జబ్బు ముందుగా చెప్పలేదని బీమా కంపెనీ డబ్బు ఇవ్వలేదు. ఇంటికి చేరిన తరువాత నా దగ్గరకు వచ్చి, "విందు ఖర్చుకు ఎన్నో రెట్లు ఆసుపత్రికి అయిందండీ" అన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కొవ్వు చిన్నప్రేగులోకి రాగానే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే అంత గట్టిగా ముడుచుకుంటుంది. లోపల రాయి ఉంటే అది వచ్చి దారికి అడ్డం పడుతుంది.

ఎవరు దూరంగా ఉండాలి?

1. పిత్తాశయంలో రాళ్ళున్నవారు.

2. ఎప్పుడైనా క్లోమం వాచి ఆసుపత్రిలో చేరినవారు, రక్తంలో ట్రైగ్లిజరైడులు 500కు పైన ఉన్నవారు. వీరు ఇటువంటి విందుతో పాటు మద్యం కూడా తీసుకుంటే ప్రాణాపాయమే రావచ్చు.

3. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, నడిస్తే గుండెలో నొప్పి వచ్చేవారు. భారీ భోజనం తరువాత గుండెకు పని పెరుగుతుంది.

4. గౌట్ అనే కీళ్ళజబ్బు ఉన్నవారు. మాంసానికి బీరు తోడైతే తెల్లవారేసరికి బొటనవేలు నేల మీద మోపలేరు.

చక్కెర వ్యాధి ఉన్నవారు తక్కువగా తినవచ్చు. కొవ్వు వల్ల భోజనం ఆలస్యంగా అరిగి, రక్తంలో చక్కెర అర్ధరాత్రి పెరగవచ్చు. సుకియాకి అనే వంటకంలో పులుసుకు పంచదార కూడా వేస్తారు. అన్నం పూర్తిగా మాని మాంసమే తిందామనుకుంటే, మామూలు మోతాదులో మాత్రలో ఇన్సులినో తీసుకునేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. రక్తపుపోటు ఉన్నవారు సోయా సాసుతో జాగ్రత్త. ఒక పెద్ద చెంచాలో రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి అయిదు గ్రాములు మించకూడదని నియమం.

పచ్చిమాంసం జోలికి పోవద్దు

జపానులో పచ్చిమాంసం తినే అలవాటు కూడా ఉంది. 2011లో యుక్కే అనే పచ్చి గొడ్డుమాంసపు వంటకం తిని 180 మందికి పైగా జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. పశువుల ప్రేగుల్లో ఉండే ఒక రకం ఇ.కోలై సూక్ష్మజీవి దానికి కారణం. అది నెత్తుటి విరేచనాలు కలిగించి, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తరువాత జపాను ప్రభుత్వం పచ్చిమాంసం మీద కఠిన నిబంధనలు పెట్టి, 2012లో పచ్చి పశువు కాలేయం అమ్మకాన్ని నిషేధించింది. పిల్లలు, గర్భిణీలు, వృద్ధులు పచ్చిది ముట్టరాదు.

కోసిన ముక్కలో సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగాన ఉంటాయి. కనుక నాలుగు వైపులా బాగా కాలిస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఖీమా సంగతి వేరు. చౌక మాంసంలోకి సూదులతో కొవ్వు ఎక్కించి ఖరీదైన దానిలా కనిపించేట్లు చేసే పద్ధతి కూడా ఉంది. ఆ సూదులతో క్రిములు లోపలికి పోతాయి. ఈ రెండూ మధ్య భాగం కూడా పూర్తిగా ఉడకాలి. బల్ల మీద మీరే కాల్చుకునే హోటళ్ళలో పచ్చి ముక్కలు పట్టిన పటకారుతో కాలిన ముక్కలు తీసుకోవద్దు.

తినేవారు ఎలా తినాలి?

ఆరోగ్యవంతులకు 100 గ్రాములు చాలు. రక్తపుపోటో చక్కెరో అదుపులో ఉన్నవారు రెండు మూడు పలుచని ముక్కలతో సరిపెట్టుకోవాలి. ఒక మంచి ముక్క తెప్పించి ఇంటిల్లిపాదీ పంచుకోండి. రుచి మొదటి నాలుగు ముద్దల్లోనే తెలుస్తుంది. 'అకామి' అని అడిగితే కొవ్వు తక్కువగల ఎర్రని భాగం ఇస్తారు. వేడినీళ్ళలో ముంచి తీసే షాబు-షాబులో కొంత కొవ్వు నీటిలోకి పోతుంది. ఆ నీటిని సూపుగా తాగకండి. రాత్రికి బదులు మధ్యాహ్నం తినండి. అరగడానికి వ్యవధి ఉంటుంది, చాలా హోటళ్ళలో ధర కూడా తగ్గుతుంది. ఆ రోజు మిగతా పూటలు అన్నం, కూరలు, పండ్లతో గడపండి. మద్యం వద్దు. విమానం ఎక్కే ముందు రాత్రి ఈ విందు పెట్టుకోవద్దు.

ఈ మాంసాన్ని మన దేశానికి తేవాలని చూడకండి. గొడ్డుమాంసం దిగుమతి ఇక్కడ నిషిద్ధం. అలాగే మనం తీసుకువెళ్ళే మటన్ పచ్చడి, కోడి పచ్చడి జపాను విమానాశ్రయంలో ఒప్పుకోరు.

తిన్న తరువాత కుడి డొక్కలోగాని, పొట్ట పైభాగంలోగాని నొప్పి వచ్చి గంట దాటినా తగ్గకపోయినా, ఛాతీ బిగబట్టి చెమటలు పట్టినా "గ్యాస్" అని సోడా తాగి పడుకోకండి. జపానులో అంబులెన్సుకు 119 నంబరు. విరేచనాల్లో రక్తం కనిపిస్తే విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా మింగవద్దు. ప్రయాణానికి ముందే బీమా పత్రంలో ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. వాడే మందుల చీటీ ఇంగ్లీషులో రాయించుకుని జేబులో పెట్టుకోండి.

పిల్లలకు కూడా ఒక మాట. తల్లిదండ్రులకు మంచిది తినిపించాలన్న మీ కోరిక మెచ్చుకోదగినది. అయితే హోటలులో బల్ల నిర్ణయించుకునే ముందు వారి పాత స్కానింగు, రక్తపరీక్షల కాగితాలు ఒకసారి చూడండి. వారు పళ్ళెంలో సగం వదిలితే బలవంతం చేయకండి.