కణంలో ఎర్రజెండా

రైలు గేటు దగ్గర కాపలావాడు ఎప్పుడూ వుంటాడు. అతణ్ణి చూసినంత మాత్రాన పట్టాల మీద ప్రమాదం వున్నదనుకోం. అతని చేతిలో ఎర్రజెండా వున్నదా అని చూస్తాం. పిల్లలూ, మన శరీరంలోని కణాలలో కూడా ఇటువంటి కాపలాదారులున్నారు.

కణం రెండుగా చీలబోయే ముందు తనలోని డీఎన్ఏకు నకలు తీసుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. దెబ్బతోనే కణం చీలితే ఆ తప్పులు పిల్లకణాలకూ చేరతాయి. ఒక్కొక్కప్పుడు కాన్సరుకు దారితీస్తాయి. అందుకని కణం కాసేపు ఆగి, దెబ్బను బాగుచేసుకుంటుంది. 1988లో అమెరికాలో వైనర్ట్, హార్ట్‌వెల్ అనే శాస్త్రజ్ఞులు ఈస్టు కణాల మీద ఎక్స్ కిరణాలు ప్రసరింపజేసి ఈ సంగతి పరిశీలించారు. రాడ్-9 అనే జన్యువు పాడైన కణాలు ఆగకుండా చీలి, మామూలు కణాలకంటే ఎక్కువగా చచ్చిపోయాయి.

మన కణాలను ఆపే ప్రొటీన్లలో ఒకటి చెక్-1. అది 476 అమైనో ఆమ్లాలను పూసలుగా గుచ్చిన గొలుసు. డీఎన్ఏకు ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు ఏటీఆర్ అనే మరో ప్రొటీను ఆ గొలుసులోని 345వ పూసకు చిన్న ఫాస్ఫేటు తగిలిస్తుంది. అదే ఎర్రజెండా!

ఇంత చిన్న గుర్తును కనిపెట్టేదెలా? అందుకు కుందేలు సాయపడుతుంది. శరీరంలోకి పరాయి పదార్థం ప్రవేశిస్తే దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి గదా? శాస్త్రజ్ఞులు 345వ పూస, దాని ఇరుగుపొరుగు పూసలు గల చిన్న ముక్కను ఫాస్ఫేటుతో సహా తయారుచేసి, ఒక పెద్ద ప్రొటీనుకు అతికించి, కుందేలుకు సూదితో ఎక్కిస్తారు. కొన్నాళ్ళకు దాని రక్తంలో ప్రతిరక్షకాలు చేరతాయి. అయితే వాటిలో కొన్ని జెండా లేని కాపలాదారును కూడా పట్టుకుంటాయి. అవి మనకు పనికిరావు. అందుచేత అన్నిటినీ, ఫాస్ఫేటు లేని ముక్కలు అంటించిన సన్నని గుళికల మీదుగా పోనిస్తారు. పనికిరానివి అక్కడే అంటుకుపోతాయి. జెండాను గుర్తుపట్టేవి కిందికి దిగుతాయి.

వాటిని వెంటనే నమ్మవచ్చునా? కూడదు. కిరణాలు తగిలిన కణాలను, తగలని కణాలను తీసుకుని, వాటి ప్రొటీన్లను వేరుచేసి పలుచని పొర మీదికి ఎక్కిస్తారు. ప్రతిరక్షకం అంటుకున్న చోట గీత కనిపించే ఏర్పాటు చేస్తారు. కిరణాలు తగిలినవాటిలో గీత స్పష్టంగా రావాలి. తగలనివాటిలో రాకూడదు, వచ్చినా లీలగా వుండాలి. ఆ పైన ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైమును కలిపి చూస్తే గీత మాయం కావాలి. కాకపోతే అది చూస్తున్నది జెండాను కాదు, మరి దేన్నో అన్నమాట!

కాన్సరు మందు కణాల డీఎన్ఏను దెబ్బతీసిందా, కణాలు ఆగాయా అని పరిశోధకులు ఇటువంటి గీతలను చూసే తెలుసుకుంటారు. సాక్షి పొరపడితే తీర్పు తప్పుతుంది. అందుకే సాక్ష్యం వినే ముందు సాక్షిని పరీక్షించాలి.