తీగ లేకుండ ప్రక్క గదికి వైఫై

సబ్సిడీ యెరువు కొనునపుడు పాస్ యంత్రముపై వ్రేలిముద్ర వేయుట మన సభ్యులకు పరిపాటియే. పెక్కుచోట్ల వైఫై పెట్టె, అనగా రౌటరు, సంఘము కచేరీలో నుండును; యంత్రము ప్రక్కనున్న యెరువుల కొట్టులో నుండును. నడుమ గోడ. యంత్రమునకు వైఫై అందక నిలిచిపోయిన దినమున, అదును మించిపోవుచున్నదని రైతు వరుసలో నిలువబడి వగచును. గోడ తొలిచి తీగ లాగకుండనే దీనికి ఉపాయము గలదు.

వైఫై యనునది రేడియో తరంగము. 2.4 గిగాహెర్ట్జులదియు 5 గిగాహెర్ట్జులదియు ననునవి వాడుకలో నున్న ముఖ్యమైన రెండు తెగలు. రెండవదానికి వేగ మెక్కువ, గోడ దాటు శక్తి తక్కువ. వ్రేలిముద్ర యంత్రము పంపు సమాచారము స్వల్పము గనుక దానికి మొదటిదే మేలు. ఇనుప బీరువా, షట్టరు, రేకు తరంగమును త్రిప్పికొట్టును, నీళ్లతొట్టి పీల్చుకొనును. ఒక సంఘములో రౌటరును బీరువా వెనుక దాచి, కొట్టులో అందుటలేదని కంపెనీని నిందించుచుండిరి. దానిని తీసి కొట్టువైపు గోడకు తలయెత్తున అమర్చినంతనే పని జరిగినది. కాబట్టి డబ్బు ఖర్చుకు ముందు పెట్టెను జరిపి చూడవలెను.

అంతటితో కానిచో రిపీటరు కొనవలెను. ఇది రౌటరు మాటను విని, తిరిగి బిగ్గరగా పలుకు చిన్న పెట్టె. కరెంటు ప్లగ్గులో గ్రుచ్చిన చాలును. చాలమంది దీనిని వైఫై అందని గదిలోనే పెట్టెదరు. నూతిలో నున్నగదా చేదలోనికి వచ్చుట! సెల్‌ఫోను చేతబట్టుకొని రౌటరు నుండి కొట్టువైపు నడువుడు. వైఫై గుర్తులోని గీతలు సగమునకు తగ్గకమునుపే ఆగుడు. రిపీటరుకు తగిన తావు అదియే. రెండు పెట్టెలకును డబ్ల్యూపీఎస్ మీట యున్నయెడల, రౌటరు మీట నొక్కి, రెండు నిమిషములలోపల రిపీటరు మీట నొక్కిన జత కుదురును. ఒకే రేడియోతో వినుటయు పలుకుటయు జరుగు రిపీటరులో వేగము సుమారు సగమగును. మన పనికి అది లోపము కాదు.

మెష్ అను ఖరీదైన పెట్టెల జతలును గలవు. పలుగదుల మేడకు అవి తగును గాని, రెండు గదుల సంఘమునకు వృథా ఖర్చని నా యభిప్రాయము.

ఇక కరెంటు సంగతి. రౌటరు ఇన్వర్టరు లైనులో నుండి, రిపీటరు మామూలు లైనులో నున్నచో, కరెంటు పోయినంతనే కచేరీలో వైఫై యుండును, కొట్టులో నుండదు. ఆ ప్లగ్గు నెవరు చూతురు? రెండింటిని ఇన్వర్టరు లైనుకే తగిలింపుడు.