పెట్టెలో వచ్చిన సముద్రం

మా అమ్మాయి క్లాసు వాళ్లు కార్డిఫ్ నుంచి సదర్న్‌డౌన్ బీచికి వెళ్తున్నారు. "మీరు సైన్స్ చదివారు కదా, పిల్లల్ని కాస్త సిద్ధం చేస్తారా?" అని టీచరు అడిగారు. వైజాగ్ పిల్లని, నాకు సముద్రం కొత్తా అనుకుని ఒప్పేసుకున్నాను.

ఇక్కడ కొన్ని మ్యూజియంలు స్కూళ్లకి వస్తువుల పెట్టెలు అరువిస్తాయి. రెడింగ్ మ్యూజియం 1911 నుంచీ ఇస్తోంది. మా స్కూలుకి వచ్చిన పెట్టెలో లింపెట్ గుల్లలు, ఎండిన నాచు, భూతద్దాలు, ఒక పాత ఆటుపోట్ల పట్టిక ఉన్నాయి. 'మెర్మెయిడ్స్ పర్స్' అనే చిన్న తోలుసంచీ కూడా ఉంది. అది ఒక చిన్న సొరచేప గుడ్డు తొడుగు. కటిల్‌బోన్ చూడగానే నవ్వొచ్చింది, మన ఆయుర్వేదం కొట్లో సముద్రపు నురుగు అని అమ్మేది ఇదే!

పిల్లలకి బాగా నచ్చింది మాత్రం లింపెట్. నీళ్లున్నప్పుడు రాతిమీద నాచు గీక్కుని తింటూ తిరుగుతుంది, ఆటుకి ముందే మళ్లీ తన చోటికే వచ్చి అతుక్కుంటుంది. గుల్ల అంచు ఆ రాతికి అచ్చంగా సరిపోయేలా పెరుగుతుంది. దాని పళ్లు సాలెపురుగు దారం కన్నా బలమైనవని 2015లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ వాళ్లు తేల్చారు. ప్లాస్టిసీన్ ముద్దమీద గుల్లలు నొక్కి, కలిపేసి, ఎవరి ఇల్లు ఎవరిదో వెతకమన్నాను. అరగంట క్లాసులో చప్పుడు లేదు.

ఆటుపోట్ల దగ్గరే నేను తడబడ్డాను. వైజాగ్‌లో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా ఒకటిన్నర మీటర్లకి అటూఇటూ. సెవర్న్ ముఖద్వారంలో అది దాదాపు 14 మీటర్ల దాకా పోతుంది. సదర్న్‌డౌన్‌లో అంత లేకపోయినా, అమావాస్య, పౌర్ణమి రోజుల తర్వాత నీళ్లు గబగబా వచ్చేస్తాయి, వెనక నిట్టనిలువు కొండ.

పెట్టెలోని పట్టిక జీఎంటీలో ఉంది. ఎండాకాలంలో ఒక గంట కలపాలని పిల్లలకి నేర్పాను. తర్వాత మా ప్రయాణం రోజుకి వేరే పట్టిక ప్రింటు తీసి, అలవాటుగా దానికీ గంట కలిపేశాను. ఒక పిల్లాడు కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించి, "మిస్, ఇందులో గంట ముందే కలిపేశారు" అన్నాడు. అంటే నేను రాసిన సమయానికి నీళ్లు అప్పటికే గంటనుంచీ పైకి వస్తూ ఉంటాయి. ముప్ఫై మంది పిల్లలు! చేతులు చల్లబడ్డాయి. టీచరు బస్సు వేళ మార్చారు.

ఆ రోజు ఆటు ఇంకా తగ్గుతుండగానే దిగాం. ఒక పాప లింపెట్‌ని పీకబోతే పక్క పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది, "వద్దు, అది దాని ఇల్లు." తిప్పి చూసిన రాళ్లన్నీ ఎలా ఉన్నవి అలాగే పెట్టేశారు. నీళ్లు మళ్లేసరికి మేం బస్సులో శాండ్‌విచ్‌లు తింటున్నాం.

పెట్టె వెనక్కి పంపేటప్పుడు అందులో ఒక చీటీ పెట్టాను: పట్టిక ఏ టైములో ఉందో ముందు చూసుకోండి.