విడాకులకు వకీలు అవసరమా?

'వకీలు' అరబీ మాట. మరొకరు అప్పగించిన పనిని వారి తరపున నెరవేర్చేవాడని దాని అర్థం. నికాహ్ వేళ వధువు సమ్మతిని ఖాజీ వద్దకు తెచ్చే పెద్దను కూడా వకీలనే అంటారు. మరి విడిపోయేటప్పుడు కోర్టు వకీలు కావాలా? అది విడిపోయే తీరును బట్టి ఉంటుంది.

దంపతుల మధ్య తగవు ముదిరితే ఇరుపక్షాల నుంచి చెరొక మధ్యవర్తిని నియమించమని దివ్య ఖుర్ఆన్ (4:35) ఆదేశిస్తోంది. రాజీ కుదరక ఇద్దరూ ఇష్టపడి విడిపోతే అది ముబారాత్. భార్య కోరగా భర్త ఒప్పుకుంటే ఖులా. వీటికి వకీలు తప్పనిసరి కాదు. అయితే ఖులాలో సాధారణంగా స్త్రీ మెహర్‌ను వదులుకుంటుంది. కనుక కాగితంపై సంతకం చేసే ముందే సలహా తీసుకోవడం క్షేమం.

భర్త ఒప్పుకోనప్పుడు, లేదా అతని జాడే లేనప్పుడు సంగతి వేరు. రాజోలు ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన భర్త నాలుగేళ్ళుగా ఉత్తరం రాయలేదు, డబ్బు పంపలేదు అనుకుందాం. హనఫీ శాస్త్రంలో ఇటువంటి స్త్రీకి దారి ఇరుకు. అందుచేత మాలికీ అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్ళు జాడ తెలియకపోవడం, రెండేళ్ళు పోషించకపోవడం, క్రూరత్వం మొదలైనవి అందులోని కారణాలు. కోర్టు తీర్పుతో విడిపోయినంత మాత్రాన మెహర్ హక్కు పోదని కూడా ఆ చట్టం చెబుతోంది.

జాడ తెలియదని దావా వేస్తే భర్త వారసులకు నోటీసు ఇవ్వాలి. తీర్పు వచ్చినా ఆరు నెలలు అమలులోకి రాదు. ఈలోగా భర్త వచ్చి, కాపురం చేయడానికి సిద్ధమని కోర్టును నమ్మించగలిగితే ఆ తీర్పు రద్దవుతుంది. పోషణ లేదన్న కారణం చూపితే ఈ నిరీక్షణ ఉండదు. ఏ కారణం చూపాలన్న ఈ ఒక్క నిర్ణయం మీదే ఆ స్త్రీ భవిష్యత్తు ఆధారపడవచ్చు. వకీలు నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.

1984 చట్టం ప్రకారం కుటుంబ న్యాయస్థానంలో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. అయినా దావా వేయకముందు సలహా పొందడానికి అడ్డు లేదు. ఇక ఫీజు సంగతి. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

సామరస్యంగా విడిపోయేవారికి ఇద్దరు పెద్దలు, ఒక స్పష్టమైన కాగితం చాలవచ్చు. హక్కు చిక్కుల్లో పడినవారు మాత్రం డబ్బు లేదని వకీలుకు దూరంగా ఉండనక్కరలేదు.