తుపాకి గొట్టములోపలి చూపు



బోరుబావిలో నీరు తగ్గినపుడు కెమెరా దింపి లోపలి స్థితిని చూచుట మనకు క్రొత్తగాదు. అదే పనిని చిటికెనవ్రేలికన్న సన్నని కెమెరాతో తుపాకి గొట్టమునందును చేయవచ్చును. ఈ సాధనమును బోరోస్కోపు అందురు. పొడవైన తీగచివర చిన్న దీపమును, కెమెరాయు ఉండును. రెండవ కొనను సెల్‌ఫోనునకు తగిలించినచో లోపలి బొమ్మ తెరపై కనబడును. ఒకప్పుడు మిక్కిలి ఖరీదైన యీ పనిముట్టు నేడు కొన్ని వందల రూపాయలకే లభించుచున్నది. రైఫిళ్లకై ప్రత్యేకముగా చేసినవి ఇంకను ప్రియము.

రైఫిలు గొట్టములో దుక్కిచాళ్లవలె గాడులును, వాటినడుమ గట్లును మెలిదిరిగి యుండును. గుండును గిరగిర త్రిప్పి సూటిగా పంపునవి యవియే. తూటా నిలుచు గదికి ముందరి భాగమున మంట తీవ్రత హెచ్చు గనుక, గట్లు అచ్చటనే ముందుగా అరుగును. ఎండిన చెఱువు నేలవలె నెఱ్ఱెలు విచ్చును. కంటిని గొట్టము చివరనుంచి వెలుతురుకు చూచినచో మెఱపే కనబడును గాని యీ నెఱ్ఱెలు కనబడవు. పూర్వపు తూటాల టోపీలలోని రసాయనము కాలి ఉప్పుగా మిగిలి, తేమను పీల్చి త్రుప్పు పట్టించెడిది. త్రీ నాట్ త్రీ రైఫిళ్లు వాడిన నాటి సైనికులు గొట్టమును మరుగునీటితో కడుగుటకు కారణ మదియే. అట్టి త్రుప్పుగుంటలను కెమెరా స్పష్టముగా చూపును.

అయితే మన గ్రామములలో కొందఱి యిండ్ల నున్నది రైఫిలు గాదు, పంటరక్షణ తుపాకి. 1959 నాటి ఆయుధముల చట్టము పంటరక్షణకై నోటినుండి మందు దట్టించు తుపాకిని ప్రత్యేకముగా పేర్కొన్నది. దాని గొట్టము వెనుకభాగము మూసియుండును. వెలుతురు వచ్చు దారిలేదు గాన కంటి పరీక్ష వ్యర్థము. తండ్రినాటి తుపాకి దూలమునకు వ్రేలాడుచుండగా లోపల కందిరీగ మట్టిగూడు కట్టినను తెలియదు. అడ్డున్న గొట్టమును కాల్చినచో అది పగిలి చేతిని, కంటిని పోగొట్టును. అడుగున త్రుప్పు తిన్నచో గోడ పలుచనగును. ఆ గుంటలలో నిప్పురవ్వ మిగిలినచో మరల పోయు మందు పోయుచుండగనే అంటుకొనవచ్చును. కావున ఈ సాధనము రైఫిలుకన్న మన తుపాకికే ఎక్కువ ఉపకరించును.

పరీక్షకు ముందు తుపాకిలో మందు లేదని నిశ్చయించుకొనవలెను. గజమును గొట్టములో అడుగంట దింపి, నోటియొద్ద గుర్తుపెట్టి, బయట గొట్టము ప్రక్కన ఉంచి కొలువుడు. గజము కొన రంజకపు రంధ్రమువఱకు రానిచో లోపల మందో, అడ్డో ఉన్నదని యర్థము. అట్టి తుపాకిలో కెమెరా దింపరాదు; పొడిచి తీయ యత్నింపరాదు; లైసెన్సుగల మరమ్మతుదారునకు ఆ సంగతి తెలిపి అప్పగింపవలెను. రైఫిలునకు తూటాలు తీసి, బోల్టునుకూడ వెలుపలికి తీయవలెను.

పిమ్మట మసిని, నూనెను తుడిచి, కెమెరాను అంగుళమంగుళముగా మెల్లగా జరుపుచు చూడవలెను. ప్రక్కగోడ కనబడుటకు కొసన చిన్న అద్దము తొడుగవలెను. తీగపై అంగుళముల గుర్తులు పెట్టినచో దోష మెచ్చటనున్నదో తెలియును. సుమారు 18 మిల్లీమీటర్ల వెడల్పుగల పండ్రెండు బోరు గొట్టములో కెమెరా అడుగున పడిపోవును గాన గుడ్డచుట్టి నడుమ నిలుపవలెను. 5.6 మిల్లీమీటర్ల సన్నని గొట్టములో మామూలు కెమెరాను బలిమిని దూర్పరాదు.

ఇక నొక హెచ్చరిక. కెమెరా ప్రతిదానిని పెద్దదిచేసి చూపును. గోటిగీత కాలువవలె, చిన్నచుక్క గోతివలె తోచును. దానిని చూచి బెదరి గొట్టమును గీకి పాడుచేసినవారును, మంచి తుపాకిని పారవేయ దలచినవారును లేకపోలేదు. రైఫిలు గుఱిపలకపై గుండ్లన్నియు దగ్గఱగా పడుచున్నంతకాలము స్వల్పపు నెఱ్ఱెలకు భయపడ బనిలేదు. కాని అడ్డు, బీట, అడుగున లోతైన త్రుప్పు, గొట్టము ఉబ్బినట్లు తెలుపు వలయాకారపు నీడ, వీనిలో నేది కనబడినను మరమ్మతుదారుడు చూచి చెప్పువఱకు కాల్చరాదు.

ఇంటికొక కెమెరా అక్కఱలేదు. సంఘమున కొకటి చాలును. దానిని లైసెన్సుదారుని యింటికి పంపవలెనే గాని తుపాకులను సంఘమునకు చేర్చరాదు. ఏటేట తీసిన బొమ్మలను తేదీతో దాచి పోల్చుకొన్నచో త్రుప్పు పెరిగినదో లేదో తెలియును. లైసెన్సు తుపాకికే గాని వేటకు గాదనియు, అడవిపందిని చంపుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి వేఱుగా అనుమతి కావలెననియు మఱువరాదు.

పంటను కాచుటకు తెచ్చుకొన్న తుపాకి కాపరిచేతిని తీయరాదు. ఈ యేడు పైరు ఈనకముందే ఒకసారి లోపల చూడుడు.