ఎలుకలు లేని దొడ్లోనూ ఎలుక జ్వరమా?

ఆవులు, పందులు, గొర్రెలు, కుక్క ఒకే దొడ్లో పెరిగేచోట లెప్టోస్పైరోసిస్ వస్తే నింద మొదట ఎలుక మీదే పడుతుంది. పేరే ఎలుక జ్వరం కదా! కానీ అసలు దారి మూత్రం. ఈ జబ్బు తెచ్చే, స్క్రూలా మెలితిరిగిన సన్నని బాక్టీరియా పశువు మూత్రపిండాల్లోని సూక్ష్మనాళాల్లో కాపురం పెట్టి, నెలల తరబడి మూత్రంతో బయటికొస్తుంది. గిట్టల గుంటల్లో నిలిచిన బురదనీళ్లలో వారాలపాటు బతకగలదు. పొడి నేల మీద త్వరగా చస్తుంది. ఆ నీళ్లు తాగినా, ఒంటిమీద గీరుకున్నచోట తగిలినా, కంట్లో చిందినా చాలు, ఇంకో పశువుకు అంటుకోవచ్చు.

ఎలుకల్ని చంపేస్తే సరిపోదా అంటారు. కొంత మేలే, కానీ చాలదు. ఈ బాక్టీరియాలో హార్డ్‌జో అనే రకానికి ఎలుకతో పనే లేదు, ఆవు నుంచి ఆవుకే సాగిపోతుంది. పొమోనాకు పందులు, కానికోలాకు కుక్కలు నెలవు. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని సాధారణంగా ఆపదు. మరి జబ్బు పశువును విడిగా కట్టేస్తే? చిక్కంతా అక్కడే ఉంది. బాక్టీరియాను వదిలే ఆవు చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. చూడి ఆవు ఈసుకుపోయాకో, పాలు తగ్గాకో గానీ అనుమానం రాదు. అందుకే ముందు చూడాల్సింది నేలనే అంటాను. నీరు నిలవని పాక, పందులదొడ్డి మురుగు చేరని తొట్టి ఉంటే, రకమేదైనా దాని దారి చాలామటుకు మూసుకుపోతుంది. ఇది మనుషులకూ అంటుకోవచ్చు కాబట్టి, మీ ఇంట్లో పశువులుంటే, కాళ్లకు గాయాలున్నప్పుడు ఆ బురదలోకి చెప్పుల్లేకుండా దిగకండి.